తెలుగు సంఘంలో కులం గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవాలంటే

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఆదివారం కూడుకునే తెలుగు క్రైస్తవ సంఘాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, నర్సులు, అపార్ట్‌మెంట్లు కట్టే మేస్త్రీలు పక్కపక్కనే కూర్చుంటారు. ఆరాధన అయ్యాక టీ దగ్గర కొత్తగా వచ్చినవాళ్లకు ప్రశ్నలు మొదలవుతాయి: "మీదే ఊరు బ్రదర్? ఊళ్లో ఎక్కడ? ఇంటిపేరేంటి? ఏ మిషన్ వాళ్లు?" రెండో ప్రశ్నకే ఏం కనుక్కోవాలనుకుంటున్నారో ఇద్దరికీ అర్థమైపోతుంది. చాటున నడిచే ఈ కులం మాటను నలుగురిలోకి తేవాలి. తెచ్చాక ఎవరికీ హాని జరగకూడదు. అందుకు పనికొచ్చే పద్ధతి ఇది.

ముందు పాస్టర్ గారు, సంఘపెద్దలు ఒక సాయంత్రం గత మూడేళ్ల రిజిస్టర్ ముందేసుకుని కూర్చోవాలి. సెక్రటరీ, ట్రెజరర్ ఎవరెవరయ్యారు? వాక్యం చదవడానికి ఎవరిని పిలిచారు? ప్రేమవిందులో, అంటే సంఘమంతా కలిసి తినే భోజనంలో, వండింది ఎవరు, వడ్డించింది ఎవరు, చివర్లో గిన్నెలు తోమి హాలు ఊడ్చింది ఎవరు? ఇళ్లలో పెట్టుకునే ప్రార్థనలు, అంటే గృహ కూడికలు ఎవరి ఇళ్లలో జరిగాయి, ఎవరి ఇంటికి ఒక్కసారీ వెళ్లలేదు? మనుషుల పేర్లు రాసుకుంటే చాలు, కులాల పేర్లు కాగితం మీద పెట్టొద్దు. అవే ఇళ్లు, అవే చేతులు మళ్లీ మళ్లీ వస్తుంటే పెద్దలకు సంగతి తెలిసిపోతుంది. మాట ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. "నాకు కులభావం లేదు" అని ఎవరైనా అనగలరు. ఫలానా వారి ఇంట్లో మూడేళ్లుగా కూడిక ఎందుకు పెట్టలేదంటే మాత్రం జవాబు వెతుక్కోవాల్సిందే.

రెండో జాగ్రత్త గోప్యత. దీన్ని తేలిగ్గా తీసుకున్న సంఘాలు మనుషులను పోగొట్టుకుంటాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. మతం మారిన ఎస్సీలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీసీ-సీ కిందికి వస్తారు, అక్కడ రిజర్వేషన్ 1 శాతం. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా, క్రైస్తవ్యాన్ని ఆచరిస్తూ రిజర్వేషన్ కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడగడం కుదరదని తీర్పు చెప్పింది. కాబట్టి మీ మధ్య కూర్చున్నవాళ్లలో ఎస్సీ సర్టిఫికెట్ మీద వచ్చిన ఒకరి ఉద్యోగమో, ఒకరి అమ్మాయి సీటో ఒక ఫొటోతో చిక్కులో పడొచ్చు. ఫొటోలు, రికార్డింగ్, హాజరు పట్టీ ఏవీ వద్దు. ఫోన్లు స్విచాఫ్ చేసి బుట్టలో పెట్టించాలి. వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా రాకూడదు. ఎవరినీ "మీరేమిటి" అని అడగకూడదు, చెప్పమని ప్రోత్సహించనూ కూడదు.

ఈ మాట కూర్చుని మాట్లాడుకునే బృందానికి 8 నుంచి 10 మంది చాలు. అంతకు మించితే మాటకారులే మాట్లాడతారు. నాలుగు వారాలు, శనివారం సాయంత్రం, 90 నిమిషాలు పెట్టుకోండి. ఆదివారం ఆరాధన తర్వాత వద్దు. హాలు ఖాళీ చేయాలన్న తొందర, పిల్లల ఆకలి మధ్య ఏ మాటా తెమలదు. నడిపేవాళ్లు ఇద్దరుండాలి, వేర్వేరు నేపథ్యాల వాళ్లు, ఒకరైనా స్త్రీ. పాస్టర్ గారు నడపకూడదు, ఆయన ఎదుట అందరూ ఆయనకు నచ్చే జవాబే చెబుతారు. మొదటి రెండు వారాలు యూత్‌కు విడిగా, స్త్రీలకు విడిగా పెడితే మేలు. అత్తగారి ముందు కోడలు, నాన్న ముందు కొడుకు నోరు విప్పరు. ప్రతి వారం ఒకరింట్లో కూర్చుని, ఆ ఇంట్లో వండింది తినండి. ఇల్లు ఇరుకైతే కుర్చీలు తీసేసి అందరూ చాపల మీదే కూర్చోండి.

మొదటి వారం అపొస్తలుల కార్యములు 6:1-6 చదవండి. రోజూ జరిగే పంపిణీలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు వచ్చింది. అపొస్తలులు "సణగకండి" అనలేదు. విశ్వాసులందరినీ పిలిచి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు మొదలుకొని నీకొలాసు దాకా ఏడూ గ్రీకు పేర్లే. వడ్డించే అధికారం ఫిర్యాదు చేసినవారి వైపుకు వెళ్లిందన్నమాట. చదివాక ఒకే ప్రశ్న: మన సంఘంలో సణుగుడు ఎక్కడ ఉంది?

రెండో వారం విన్న మాటలు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, వరుసగా. ఎవరూ జవాబివ్వకూడదు, సర్దిచెప్పకూడదు. "మీరు చూడ్డానికి అలా అనిపించరు", "మనవాళ్లేనా?" లాంటివి బయటికొస్తాయి. ఎవరన్నారో పేరు చెప్పనక్కర్లేదు. అన్నవాళ్లు కూడా తాము అన్నది చెప్పొచ్చు, అది ఇంకా ఉపయోగం.

మూడో వారం కంచం, పెళ్లి. గలతీయులకు 2:11-14లో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, తింటూ తింటూ, యాకోబు దగ్గరి నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గాడు. పౌలు అందరి ముందే నిలదీశాడు. ఆ తర్వాత మన పెళ్లి బయోడేటాల సంగతి ఎత్తండి. "రెడ్డి ఆర్‌సీ" (రోమన్ క్యాథలిక్), "కమ్మ క్రిస్టియన్", "మాల లూథరన్" అని ఎందుకు రాస్తున్నాం? ఎవరి ఇంటి గురించి వారే మాట్లాడాలి. సంఘంలో జరిగిన కులాంతర వివాహాన్ని ఉదాహరణగా తీసుకోవద్దు, ఆ దంపతులు అక్కడే ఉంటారు.

ఎక్కడ చెడుతుందో ముందే తెలిసి ఉండాలి. మొదటి ఐదు నిమిషాల్లోనే ఎవరో "క్రీస్తులో కులం లేదు బ్రదర్" అని గలతీ 3:28 చెప్పి తలుపు మూసేస్తారు. అదే పత్రికలో అంతకు ముందు అధ్యాయం పేతురు సంగతేనని గుర్తుచేయండి. "బయటివాళ్లు తెచ్చిపెట్టిన గొడవ" అంటే, కులం విడవనివారిని చేర్చుకోవద్దని మద్రాసు మిషనరీ కాన్ఫరెన్స్ 1850లోనే తీర్మానించిందని చెప్పండి.

అంతకన్నా చిక్కైనది మాల, మాదిగల మాట. ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో మాదిగలు, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ. 1878 జూలై 3న ఒంగోలు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు, ఎక్కువమంది మాదిగలే. అందుకే "ఏ మిషన్" అన్నది కూడా కులం అడగడమే అవుతుంది. 2024 ఆగస్టు 1న, ఎస్సీ కోటాను ఉపకులాల వారీగా పంచవచ్చన్న సుప్రీంకోర్టు వర్గీకరణ తీర్పు వచ్చాక ఇది మరింత వేడెక్కింది. పై కులాలవాళ్లు "వాళ్లలో వాళ్లకే పడదు" అని తప్పుకోవడానికి దీన్ని వాడుకుంటారు. ఒప్పుకోవద్దు. రిజర్వేషన్ల చర్చ వచ్చినా అంతే, దానికి వేరే రోజు పెట్టండి. లేకపోతే నాలుగు వారాలూ అదే మింగేస్తుంది.

ఇంకొకటి మాకు బాధ కలిగించేది. దెబ్బతిన్నవాళ్లతో కన్నీటి సాక్ష్యం చెప్పించి, వెంటనే ప్రార్థన చేసి, "క్షమించేశాం" అనిపించి పంపేస్తారు. వాళ్ల బరువు వాళ్లతోనే ఇంటికెళుతుంది. క్షమాపణ అడిగేవారు అడగొచ్చు. జవాబు ఆ రోజే రావాలని మాత్రం పట్టుబట్టొద్దు.

నాలుగో వారం నిర్ణయాలే. మూడుకు మించొద్దు, ఒక్కోదానికి తేదీ, బాధ్యుడు ఉండాలి. ఉదాహరణకు: ట్రెజరర్ పదవి రెండేళ్లకు మారాలి, గిన్నెలు తోమే వంతు పెద్దలతో మొదలవ్వాలి, గృహ కూడికలు చీటీ వేసి ఇంటింటికీ తిప్పాలి. ఆదివారం వేదిక మీద నిర్ణయాలు మాత్రమే చెప్పాలి, గదిలో మాట్లాడినవి కాదు. ఆరు నెలలకు మళ్లీ రిజిస్టర్ తీసి చూడండి. మారకపోతే ఆ మాట సంఘం ముందు పెద్దలే చెప్పాలి. తర్వాతి బృందాన్ని నడిపే ఇద్దరిలో ఒకరు పాత బృందంలోంచి, మరొకరు ఇంతవరకూ ఏ కమిటీలోనూ లేని కుటుంబం నుంచి రావాలి.