గాయపడిన మనిషిని వేరే ఆసుపత్రికి మార్చాలంటే: సంతకం పెట్టే ముందు ఆ కాగితం చదవండి

"ఇక్కడ న్యూరోసర్జన్ (మెదడు ఆపరేషన్ల డాక్టరు) లేరు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అనగానే అందరూ అంబులెన్స్ కోసం పరుగెత్తుతారు. అంతకంటే ముందు ఇక్కడి డాక్టరు అక్కడి డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి, పేషెంట్‌ను చేర్చుకుంటామని మాట తీసుకోవాలి. అది ఆసుపత్రి పని, మీది కాదు, అంబులెన్స్ డ్రైవర్‌ది అసలే కాదు. "బెడ్ నేను ఇప్పిస్తా" అని ఎవరైనా పక్కకు పిలిస్తే, ఒప్పుకున్న డాక్టరు పేరు అడగండి చాలు.

ఊపిరి అందేలా చూడటం, రక్తం ఆపడం, అవసరమైతే గొంతులోనో ఛాతీలోనో ట్యూబ్ వేయడం బయలుదేరే ముందే జరగాలి. దానికి కాస్త టైం పడితే గొడవ పెట్టుకోకండి. చికిత్సను మార్చని స్కాన్ కోసం మాత్రం ఆగక్కర్లేదు.

చాలామంది దెబ్బతినేది కాగితం దగ్గర. హడావుడిలో మీ ముందు పెట్టేది రెఫరల్ లెటరో (వేరే ఆసుపత్రికి పంపుతున్నామని డాక్టరు రాసిచ్చేది), "డాక్టరు వద్దన్నా మా ఇష్టంతో తీసుకెళ్తున్నాం" అనే ఫారమో చూసుకోండి. వెళ్లమన్నది డాక్టరే అయితే రెండోదానిపై సంతకం పెట్టక్కర్లేదు, "రెఫర్ చేస్తున్నామని రాసివ్వండి" అని మర్యాదగానే, గట్టిగా అడగండి. ఎందుకంటే ఆ ఫారంతో వెళ్తే అక్కడ మీకోసం ఎవరూ ఎదురుచూడరు, ఇక్కడ ఏం చేశారో వాళ్లకు తెలియదు.

లెటర్‌లో దెబ్బ ఎలా తగిలింది, ఎన్నింటికి, వచ్చినప్పుడూ ఇప్పుడూ బీపీ, పల్స్, స్పృహ స్కోరు (ఎంత స్పృహలో ఉన్నారో చెప్పే అంకె) ఎంత, ఏ మందు, ఎంత రక్తం ఎన్ని గంటలకు ఎక్కించారు, చేర్చుకుంటామన్న డాక్టరు పేరు, ఇవన్నీ ఉండాలి. టైం చిన్న విషయం అనుకోకండి: రక్తస్రావం తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్‌ను దెబ్బ తగిలిన 3 గంటల్లోపే మొదలుపెట్టాలి, కాలికో చేతికో టోర్నికే (రక్తం ఆగేలా బిగించే పట్టీ) బిగిస్తే ఎప్పుడు బిగించారో తెలియకపోతే సర్జన్‌కు ఇబ్బంది. లెటర్‌ను ఒక ఫోటో తీసి పెట్టుకోండి, ఒరిజినల్ పేషెంట్‌తోనే వెళ్లాలి, స్కాన్‌లు కూడా.

అంబులెన్స్‌లో శిక్షణ ఉన్న నర్సో డాక్టరో, మానిటర్, దారిలో ఆలస్యమైనా సరిపడే ఆక్సిజన్ ఉండాలి. అక్కడికి చేరాక వెంట వచ్చినవాళ్లు క్యాజువాలిటీ డాక్టరుకు నోటితో కూడా అన్నీ చెప్పాలి, అప్పటిదాకా వాళ్లను వెళ్లనివ్వకండి.