పెరటి కొమ్మలతో చాటు దడి

దడి ఎక్కువగా పడిపోయేది అల్లిక చెడి కాదు, గుంజలు నేలమట్టం దగ్గర కుళ్లి. అందుకే గుంజల దగ్గర తొందరపడకండి.

10 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు దడికి 8 అడుగుల గుంజలు 6 కావాలి. అల్లడానికి బొటనవేలు లావున్న 5, 6 అడుగుల కొమ్మలు 150 దాకా పడతాయి. చూస్తే ఎక్కువే అనిపిస్తుంది గానీ, పని మొదలెట్టాక మోపులు ఇట్టే అయిపోతాయి.

రెండు చివర్లా ఎండిన గట్టి కర్రలు పాతండి. మధ్య నాలుగూ గ్లిరిసిడియా (పచ్చిరొట్టకు గట్ల మీద పెంచే చెట్టు), మునగ లాంటి పచ్చి కొమ్మలైతే వేరు పట్టుకుంటాయి. బతికిన గుంజ కుళ్లదు. నీరు నిలిచే నేలలో మాత్రం మునగ వద్దు. కొమ్మ నరికేటప్పుడే మొదలును ఏటవాలుగా, కొసను అడ్డంగా కొట్టండి. ఆకు దూసేశాక ఏది మొదలో పోల్చుకోవడం కష్టం, తలకిందులుగా పాతితే కొమ్మ ఎండిపోతుంది.

గుంజకూ గుంజకూ 2 అడుగుల ఎడం, 2 అడుగుల లోతు. మట్టి ఒక్కసారే నింపెయ్యకండి. అరడుగు చొప్పున పోస్తూ గట్టిగా కూరండి. ఎండు గుంజలకు భూమిలో దిగే భాగం బెరడు ఒలిచెయ్యాలి, దాని కింద తడి నిలిచి పురుగు చేరుతుంది.

అల్లిక అదే రోజు పూర్తి చెయ్యండి. గుంజ వేరు తొడిగాక కదిలిస్తే లేత వేళ్లు తెగుతాయి. కొమ్మలు కూడా కోసిన రెండు మూడు రోజుల్లోనే బాగా వంగుతాయి, ఆరితే ఫట్‌మని విరుగుతాయి. నేలకు 3 అంగుళాల పైన మొదలుపెట్టండి, ఆనితే చెదలు ఎక్కుతాయి. మొదటి వరుస ఒక గుంజకు ముందు నుంచి, పక్కదానికి వెనక నుంచి పోవాలి. రెండో వరుస దానికి తిరగేసి, అంటే ముందు పోయిన చోట వెనక నుంచి. లావు మొదళ్లన్నీ ఒకే వైపు పెడితే దడి ఒక పక్కకు ఎత్తు లేస్తుంది, వరుస మార్చి పెట్టండి. నాలుగేసి వరుసలకోసారి కర్రతో కిందికి దిగగొట్టండి. సందులు కనబడినా బెంగ వద్దు. గాలి వాటిలోంచి పోతుంది కాబట్టే దడి నిలబడుతుంది.

గన్నేరు కొమ్మ అల్లొద్దు. ఆకు, బెరడు అన్నీ విషమే, పిల్లలూ పశువులూ నోట పెడతారు.

సందులు మూయడానికి శంఖపుష్పం చాలు. గింజలు రాత్రంతా నానబెట్టి, దడికి జానెడు దూరంలో అడుగుకొకటి నాటండి. రాధామనోహరం మొదటి ఏడాదే ఎక్కించకండి. తీగ మానులా బలిసి ఆ బరువుకు దడి ఒరుగుతుంది, మధ్య గుంజలు చిగురించి లావెక్కేదాకా ఆగండి.