సంక్రాంతి సెలవులకు ముందు ప్రాథమిక పాఠశాల పిల్లల కుటుంబాలను బడితో ఎలా కలుపుకోవాలి?

తెలుగు రాష్ట్రాల్లో ప్రాథమిక పాఠశాలకు చలికాలపు సెలవులంటే ప్రధానంగా సంక్రాంతి సెలవులే. మిషనరీ పాఠశాలలు క్రిస్మస్‌కు కొన్ని రోజులు మూసి ఉన్నా, ఎక్కువ మంది పిల్లల పుస్తకాల సంచి చిలక్కొయ్యకు ఎక్కేది జనవరి రెండో వారంలోనే. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో ఈ సెలవులు జనవరి 10 నుంచి 19 వరకు సాగాయి. తెలంగాణలో సాధారణంగా వారం రోజులకు అటూ ఇటూగా ఉంటాయి. పెద్ద తరగతుల వారికి ఇది చిన్న విరామమే కావచ్చు గానీ, ఒత్తులూ గుణింతాలూ అప్పుడప్పుడే పట్టుబడుతున్న ఒకటి, రెండు తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకం ముట్టకపోతే జనవరి నెలాఖరు దాకా పాత పాఠమే తిరిగి చెప్పుకోవలసి వస్తుంది.

ఈ సెలవులకు మరో ప్రత్యేకత ఉంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి విజయవాడకో హైదరాబాద్‌కో కట్టుబడి పనులకు వెళ్లి, పిల్లలను తాత, మామ్మల దగ్గర వదిలిన తల్లిదండ్రులు భోగి నాటికి ఇల్లు చేరతారు. ఏడాది పొడవునా మనం పెట్టిన ఏ సమావేశానికీ రాలేకపోయిన తండ్రి ఆ నాలుగు రోజులూ ఇంటి అరుగు మీదే ఉంటాడు. బడి ఆయనను చేరగలిగేది అప్పుడే. అందుకు కావలసిన పని డిసెంబరు మూడో వారంలోనే మొదలు కావాలి. ఇక్కడ చెబుతున్నది ప్రధానంగా ఉపాధ్యాయుల కోసమే అయినా, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులకూ, ఊళ్లో బడి బాగు కోరే యువకులకూ ఉపయోగపడుతుంది.

ముందుగా ఇళ్ల లెక్క తీయండి

హాజరు పట్టీ పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకొని, ప్రతి బిడ్డ పేరు ఎదుట నాలుగు విషయాలు రాసుకోండి. ఇంట్లో రోజూ బిడ్డను చూసుకునేది ఎవరు? వారికి చదవడం వచ్చా? ఫోను ఎవరి దగ్గర ఉంటుంది, ఏ వేళకు ఇంటికి వస్తుంది? ఇంట్లో మాట్లాడే భాష ఏది? వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశం కింద రెండు నీలం గీతలు కనిపించగానే తల్లికి తెలిసిపోయిందని మనం అనుకుంటాం. నిజానికి ఆ ఫోను చాలా ఇళ్లలో తండ్రి జేబులోనో, డిగ్రీ చదివే అన్న చేతిలోనో ఉంటుంది. తండాలో లంబాడీ మాట్లాడే అవ్వకూ, ఆదోని వైపు కన్నడం మాట్లాడే తల్లికీ, ఏజెన్సీలో కోయ మాట్లాడే కుటుంబానికీ మన గ్రాంథికపు తెలుగు నోటీసు ఒక కాగితం ముక్క మాత్రమే.

ముప్పై మంది పిల్లలున్న బడిలో ఈ పట్టిక రెండు మధ్యాహ్నాల పని. పిల్లలనే అడిగితే సగం వివరాలు వస్తాయి. మిగతావి అంగన్‌వాడీ టీచరు, వంట చేసే అమ్మ చెప్పగలరు. ఈ పట్టిక లేకుండా మొదలుపెడితే, ఎప్పుడూ వచ్చే ఆ పదిమంది తల్లులే మళ్లీ వస్తారు.

ప్రతి బిడ్డ గురించి రెండే మాటలు సిద్ధం చేసుకోండి

మార్కుల పట్టీలో గ్రేడు చూపించి సంతకం పెట్టించుకుంటే ఆ కుటుంబానికి తెలిసేది ఏమీ ఉండదు. బిడ్డకు కొత్తగా వచ్చినది ఒకటి, ఇంకా రావలసినది ఒకటి, ఈ రెండూ ఇంటి మాటల్లో చెప్పాలి. “గణితంలో వెనుకబడింది” అనకండి. “కూడికలు తప్పు లేకుండా చేస్తోంది, అప్పు తెచ్చుకునే తీసివేతల దగ్గర ఆగిపోతోంది” అనండి. అప్పుడు తల్లికి ఏం చేయాలో తెలుస్తుంది. లేకపోతే ఆమె చేయగలిగింది బిడ్డను తిట్టడమే.

చెప్పడం కంటే చూపించడం మేలు. నోటు పుస్తకంలో ఆగస్టు నాటి పేజీనీ డిసెంబరు పేజీనీ తెరిచి పక్కపక్కన పెట్టండి. ఒకసారి రెండో తరగతి పిల్ల మామ్మ బడికి వస్తే నేను అలాగే రెండు పేజీలు ఆమె ముందు ఉంచాను. ఆమెకు అక్షరం ముక్క రాదు. పాత పేజీ మీద వేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ వెళ్లి, కొత్త పేజీ దగ్గర ఆగి, “అప్పుడు గీత దాటి పోయేవి టీచరమ్మా, ఇప్పుడు గీత మీద నిలబడ్డాయి” అంది. మనవరాలు చదువులో ఎంత ముందుకు వచ్చిందో ఆమెకు నేను వేరే చెప్పవలసిన అవసరం లేకపోయింది. “మామ్మగారూ, సెలవుల్లో రోజూ ఒక పేజీ మీ ఎదుట చదివించుకోండి, మీరు వింటే చాలు” అని మాత్రం అడిగాను. చదవడం రాని పెద్దలను మనం చదువుకు పనికిరానివారిగా పక్కన పెడుతున్నాం. వినే మనిషి పక్కన ఉండడమే చిన్న పిల్లల చదువుకు ఎంతో బలం.

ఒకే పేజీలో ఉత్తరం రాయండి

సెలవుల నోటీసు సాధారణంగా కార్యాలయ భాషలో ఉంటుంది: “యావన్మంది తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా” అని మొదలై, అసలు తేదీ నాలుగో వరుసలో ఎక్కడో దాగి ఉంటుంది. తేదీలను పైనే, వారం పేరుతో కలిపి, పెద్ద అక్షరాల్లో రాయండి. బడి చివరి రోజు ఏది, ఆ రోజు మధ్యాహ్న భోజనం ఉందా లేదా, తిరిగి ఏ రోజు ఎన్ని గంటలకు తెరుస్తారు అనే మూడు సంగతులూ చూడగానే కనబడాలి. ఆ కింద బిడ్డ పేరుతో రెండు మాటలు, సెలవుల్లో చేయవలసిన పని, బడి వారి ఫోను నంబరు ఉంటే చాలు. అచ్చు వేయించలేకపోతే నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో రాయించండి. తన చేతి రాతతో వెళ్లిన ఉత్తరాన్ని ఆ బిడ్డే ఇంట్లో చదివి వినిపిస్తుంది. అది కూడా ఒక పాఠమే.

ఉత్తరం కచ్చితంగా ఇంటికి చేరాలంటే చివరి రోజున ఇవ్వకూడదు. పండుగ హడావుడిలో అది సంచి అడుగునే ఉండిపోతుంది. కనీసం వారం ముందు ఇచ్చి, కింది ముక్క మీద సంతకమో వేలిముద్రో వేయించి తిరిగి తెప్పించుకోండి. మూడు రోజుల్లో ముక్క తిరిగి రాని ఇళ్లేవో పట్టికలో గుర్తు పెట్టుకుంటే, ఎవరి గడప తొక్కాలో మీకు తెలుస్తుంది.

చదవలేని వారికి మాటతో చేరండి

ఒక నిమిషం లోపు గొంతు సందేశం రికార్డు చేసి పంపడం అన్నింటి కంటే సులువైన దారి. “నమస్కారమండీ, బడి నుంచి టీచరును మాట్లాడుతున్నాను” అని మొదలుపెట్టి, మీరు ఎదుట నిలబడి ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి. లంబాడీ, కోయ, ఉర్దూ మాట్లాడే ఇళ్లకు అదే సందేశాన్ని ఆ భాష వచ్చిన తల్లి ఒకరి చేత చెప్పించండి. సాటి తల్లి గొంతు వింటే వారికి కలిగే నమ్మకం వేరు. ఫోను లేని ఇళ్లకు డ్వాక్రా సంఘం సమావేశం, పాల కేంద్రం, రేషన్ దుకాణం దగ్గర వరుస ఉపయోగపడతాయి. దండోరా వేసే అలవాటు ఇంకా ఉన్న ఊళ్లలో దాన్ని మించినది లేదు.

సమావేశాన్ని కూలి వేళలు చూసి పెట్టండి

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. అంటే ఈ కమిటీ పేరుకు సంతకాల కోసం పెట్టినది కాదు. సెలవులకు ముందు పెట్టే సమావేశానికి పిలుపు ప్రధానోపాధ్యాయుడి పేరుతో కాక కమిటీ సభ్యురాళ్ల నోట వెళితే వచ్చేవారు పెరుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ పాఠశాలలన్నింటిలో ఒకే రోజున తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశం జరిగింది. అలాంటి పెద్ద రోజు బడి గడప తొక్కని వారిని కూడా లోపలికి తీసుకురాగలదు. కానీ వేదిక, ప్రసంగాల మధ్య ఒక్కో తల్లితో విడిగా మాట్లాడే వీలు తక్కువ. ఆ లోటును సెలవుల ముందు జరిపే చిన్న సమావేశం తీర్చాలి.

జనవరి మొదటి వారంలో పత్తి తీతలు, మిరప పనులు ఉన్న ఊళ్లో పదకొండు గంటలకు పిలిస్తే ఒక రోజు కూలి పోగొట్టుకొని రమ్మన్నట్టే. ఉదయం పనికి వెళ్లేలోపు గానీ, సాయంత్రం ఆరు దాటాక గానీ పెట్టండి. ఒకే రోజు కాకుండా రెండు రోజులు ఇచ్చి, ఎవరికి వీలైన రోజు వారు రావచ్చని చెప్పండి. ఉపన్యాసాలు వద్దు. పది నిమిషాలు అందరికీ కలిపి తేదీలూ జాగ్రత్తలూ చెప్పి, మిగతా సమయమంతా ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలు నోటు పుస్తకం ముందు పెట్టుకొని మాట్లాడండి. వచ్చినవారిని పిల్లల చిన్న బల్లల మీద ముడుచుకొని కూర్చోమని, మనం మాత్రం కుర్చీలో కూర్చోవడం మర్యాద కాదు. అందరూ జంపఖానా మీద కూర్చుంటే మాట దానంతటదే కలుస్తుంది. బిడ్డ మీద ఫిర్యాదు ఏదైనా ఉంటే నలుగురి ఎదుట ఎత్తకండి. ఒకసారి అలా అవమానపడిన తండ్రి మళ్లీ బడి వైపు రాడు.

పెద్దలకు బడిలో ఒక పని ఇవ్వండి

చివరి రెండు రోజుల్లో చాలా బడులు ముగ్గుల పోటీ పెడతాయి. దాన్ని పోటీగా కాక పాఠంగా మార్చి చూడండి. అమ్మమ్మలు వచ్చి ఏడు చుక్కలు, ఒకటి వచ్చే వరకు సందు చుక్కల ముగ్గు వేసి చూపిస్తే, మొత్తం చుక్కలెన్నో మూడో తరగతి పిల్లలు లెక్క కడతారు. అటూ ఇటూ ఒకేలా ఎలా వస్తోందో గీసి చూసుకుంటారు. గంగిరెద్దుల వారో, హరిదాసు కుటుంబమో ఆ ఊళ్లో ఉంటే వారి పిల్లలు మన తరగతిలోనే ఉండవచ్చు. ఆ తండ్రి వచ్చి ఎద్దుకు నేర్పిన విద్య గురించి చెబితే ఆ బిడ్డ తల ఎత్తుకొని కూర్చుంటుంది. పండుగ జరుపుకోని కుటుంబాలూ ఉంటాయి గనుక ఎవరినీ బలవంతం చేయకండి. క్రైస్తవ, ముస్లిం ఇళ్ల పెద్దలను పొలం కోతల గురించో, తమ ఇంటి వంట గురించో చెప్పమని అడగండి. పట్టు పరికిణీ వేసుకొని రావాలి, ఇంటికి యాభై రూపాయలు తేవాలి అనే మాట మాత్రం బడి నోట రాకూడదు. అది కొందరు పిల్లలను ఆ రోజు ఇంట్లోనే ఉంచుతుంది.

సెలవుల పని పండుగలో కలిసిపోవాలి

పది పేజీల చూచిరాత ఇస్తే చివరి రాత్రి ఏడుస్తూ రాస్తారు. రోజుకు పావుగంట చాలు. ఒక పేజీ పైకి చదవడం ప్రతి రోజూ ఉండాలి. తక్కినవి మారుతూ ఉండవచ్చు: అరిసెలకు బియ్యం, బెల్లం ఎంతెంత కొలిచారో రాయడం, ఊరికి వెళ్లిన బస్సు టికెట్టు అంటించి దాని మీద ఉన్న ఊరి పేర్లూ డబ్బులూ చదవడం, తాతయ్య చిన్నప్పటి సంక్రాంతి గురించి అడిగి ఐదు వాక్యాలు రాయడం. సంతలో చిల్లర లెక్క బిడ్డ చేత చెప్పించమని తండ్రిని అడగండి. అప్పు తెచ్చుకునే తీసివేత అక్కడ బాగా వస్తుంది. బడి గ్రంథాలయంలో కథల పుస్తకాలుంటే బిడ్డకు ఒకటి చొప్పున ఇచ్చి పంపండి. ఒకటి రెండు చిరిగితే చిరగనివ్వండి.

జాగ్రత్తలు చెప్పేటప్పుడు ఊరిని చూసి చెప్పండి. కాలువ ఒడ్డున ఉన్న ఊళ్లో నీళ్ల గురించి, పట్నంలో పిట్టగోడ లేని మేడల మీద గాలిపటాల గురించి, అన్ని చోట్లా భోగి మంట దగ్గర నైలాను బట్టల గురించి చెప్పాలి. నైలాను, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించిందని తల్లిదండ్రులకు తెలియజేయండి. అంబులెన్సుకు 108, పిల్లల సహాయానికి 1098 నంబర్లు పిల్లలకు కంఠతా రావాలి.

వలస వెళ్లే కుటుంబాలతో ముందే మాట్లాడండి

కర్నూలు పశ్చిమ మండలాల నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు ప్రాంతానికి వెళ్లే కుటుంబాలకు ఈ కాలమే కీలకం. పిల్లలను వెంట తీసుకెళితే బడి తెరిచిన రోజున ఆ వరుసలు ఖాళీగా ఉంటాయి. “వెళ్లకండి” అనే హక్కు మనకు లేదు, ఆ కూలితోనే వారి ఏడాది గడుస్తుంది. బిడ్డను ఎవరి దగ్గర ఉంచగలరు, వలస వెళ్లినవారి పిల్లలు ఉండేందుకు మండలంలో సీజనల్ హాస్టల్ నడుస్తోందా, లేకపోతే వెళ్లే ఊళ్లో బడి ఎంత దూరం అన్నది సెలవులకు ముందే కూర్చుని మాట్లాడండి. బదిలీ సర్టిఫికెట్ అడిగిన వెంటనే ఇవ్వాలనీ, అది ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోకపోవడం కుదరదనీ విద్యాహక్కు చట్టమే చెబుతోంది. ఆ సంగతి చీటీ మీద రాసి, బిడ్డ చదువు ఎక్కడిదాకా వచ్చిందో రెండు వరుసలు చేర్చి, తల్లి చేతికి ఇవ్వండి.

పండుగ రోజుల్లో ఒక పలకరింపు

వలస నుంచి వచ్చిన తల్లిదండ్రులను ముక్కనుమ లోపు ఒకసారి కలవాలి. ఉపాధ్యాయులకూ పండుగ ఉంటుంది కనుక దీన్ని ఎవరి మీదా రుద్దకూడదు. ఊళ్లోనే ఉండేవారు సాయంత్రం అరగంట రచ్చబండ దగ్గర కూర్చోవచ్చు, లేదా ఆ పని కమిటీ సభ్యురాలు చేయవచ్చు. దూరాన ఉంటే పట్టికలో గుర్తు పెట్టుకున్న అయిదారుగురికి ఫోను చేసి, “అన్నా, మీ అబ్బాయి చదువుతుంటే ఈ రోజు ఒక పేజీ వినండి” అని చెప్పినా సరిపోతుంది. ఆ తండ్రి తిరిగి వెళ్లాక కూడా వారానికి ఒకసారి ఫోనులో బిడ్డ చేత చదివించుకొని వినేలా ఒప్పించగలిగితే ఏడాదిలో బడి సాధించిన గొప్ప పనుల్లో అదొకటి అవుతుంది.

బడి తెరిచిన రోజు మొదటి పీరియడులో కొత్త పాఠం మొదలుపెట్టకండి. అతికించిన బస్సు టికెట్లూ, అరిసెల కొలతలూ, తాతయ్య చెప్పిన ఐదు వాక్యాలూ ఒక్కొక్కరి చేత చదివించి గోడకు తగిలించండి. రాని పిల్లల పేర్లు మధ్యాహ్న భోజనం లోపే పట్టికతో సరిచూసి, ఆ సాయంత్రమే వారి ఇళ్లకు వెళ్లండి.