తగాదా వస్తే పిల్లలే కూర్చుని తేల్చుకునేలా: ప్రాథమిక బడికి ఒక పద్ధతి

"సార్, వీడు నన్ను కొట్టాడు." "కాదు సార్, వాడే ముందు తిట్టాడు." మధ్యాహ్న భోజనం అయ్యాక ఏ ప్రాథమిక బడిలోనైనా వినిపించే మాటలే ఇవి. అప్పుడు టీచర్లు మామూలుగా మూడింట్లో ఏదో ఒకటి చేస్తారు. ఎవరు మొదలుపెట్టారో విచారించి తీర్పు చెబుతారు, లేదా ఇద్దరికీ చెరొకటి వేసి పంపేస్తారు, లేదా "సారీ చెప్పుకోండి" అని చేతులు కలిపిస్తారు. ఏది చేసినా తగాదా తీర్చే పని టీచరుదే అయిపోతుంది. ముందు పరిగెత్తుకొచ్చి చెప్పినవాడిదే గెలుపని, చేతిలో బలమున్నవాడి మాటే న్యాయమని పిల్లలకు అర్థమవుతుంది.

"కొట్టుకోకండర్రా" అని రోజూ చెప్పేవాళ్ళకు కొదవ లేదు. కొట్టుకోకపోతే ఇంకేం చేయాలో చెప్పేవాళ్ళే తక్కువ. ఆ "ఇంకేం" అనేదాన్ని ఎక్కాల్లాగా వల్లె వేయించాలి, అదీ గొడవ లేనప్పుడు. ఒళ్ళు మండిపోతున్న పిల్లాడికి ఆ క్షణంలో కొత్త పాఠమేదీ ఎక్కదు. అంతకుముందు నోటికి వచ్చిందే అప్పుడు అక్కరకొస్తుంది.

ఇక్కడ చెప్పేది 3 నుంచి 5వ తరగతి పిల్లలకు. అంతకంటే చిన్నవాళ్ళ సంగతి చివర్లో చూద్దాం.

ముందు బెత్తం పక్కన పెట్టాలి

విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం సంగతి అటుంచినా, కొట్టి కొట్టుకోవద్దని చెప్పే టీచరు మాటను పిల్లలు నమ్మరు. "ఒక్కటి వేస్తే దారికొస్తారు" అనే వాదం ప్రతి స్టాఫ్ రూమ్‌లోనూ ఉంటుంది. దక్షిణాఫ్రికాలో 1910లో మొదలైన టాల్‌స్టాయ్ ఫామ్‌లో గాంధీ స్వయంగా పిల్లలకు చదువు చెప్పేవారు. మాట వినని ఒక కుర్రాణ్ణి ఒకసారి రూళ్ళకర్రతో చేతి మీద కొట్టారు. ఆ తర్వాత ఆ కుర్రాడు ఎదురు తిరగలేదు. అంటే దెబ్బ "పనిచేసింది". అయినా ఆ హింసకు ఇప్పటికీ పశ్చాత్తాపపడుతున్నానని చాలా ఏళ్ళ తర్వాత ఆయనే రాసుకున్నారు. స్టాఫ్ రూమ్ వాదానికి ఇంతకంటే సూటి జవాబు దొరకదు.

ఒక వారం రాసుకోండి

మాటలతో మొదలుపెట్టకండి, నోటుబుక్కుతో మొదలుపెట్టండి. ఒక వారం పాటు జరిగిన ప్రతి గొడవకూ నాలుగు సంగతులు రాయండి: ఎక్కడ, ఎన్ని గంటలకు, దేని గురించి, ఎవరెవరి మధ్య. ఎవరిది తప్పో రాయనక్కర్లేదు.

వారం తిరిగేసరికి ఒక తీరు బయటపడుతుంది. పళ్ళేలు కడిగే కుళాయి దగ్గర, భోజనం వరసలో, ఆటల పీరియడ్ చివరి అయిదు నిమిషాల్లో, బెంచీ మీద ముగ్గురు ఇరుక్కుని కూర్చున్నచోట గొడవలు ఎక్కువగా కనిపిస్తాయి. వీటిలో చాలావాటికి నీతిబోధ అవసరం లేదు, ఏర్పాటు మారిస్తే చాలు. కుళాయి దగ్గరికి తరగతి తర్వాత తరగతిని పంపండి. భోజనం వరసలో రోజుకో బెంచీ ముందుండేలా మార్చండి. బంతి ఏ రోజు ఏ తరగతిదో గోడ మీద రాసిపెట్టండి. బెంచీ మీద సుద్దముక్కతో గీతలు గీయండి. ఆట ముగియడానికి అయిదు నిమిషాల ముందు ఒక విజిల్ ఊదితే, చివర్లో "ఇంకా నా వంతు రాలేదు" అన్న పేచీ తగ్గుతుంది. ఇవన్నీ చేశాక మిగిలే గొడవలకే కింద చెప్పేదంతా.

"టైం ప్లీజ్"

ఆటలో ఊపిరి అందకపోయినా, చెప్పు తెగినా పిల్లలు "టైం ప్లీజ్" అని చెయ్యెత్తుతారు. అప్పుడు ఎవరూ వాళ్ళను ఔట్ చేయరు. ఆ మర్యాద పిల్లల్లో ముందే ఉంది, దాన్నే గొడవకూ వాడుకోవాలి. ఇద్దరిలో ఎవరు "టైం ప్లీజ్" అన్నా ఇద్దరూ రెండు బారల దూరం వెనక్కి జరగాలి. చేతులు కట్టుకోవాలి. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి, అలా అయిదుసార్లు. తర్వాత వెళ్ళి గ్లాసెడు నీళ్ళు తాగి రావాలి. నడక, నీళ్ళు, లెక్క కలిపి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. బిగుసుకున్న చేతులు వదులు కావడానికి కనీసం ఆ మాత్రం పడుతుంది.

రెండు వారాల పాటు రోజూ ప్రార్థన తర్వాత మూడు నిమిషాలు ఇది సాధన చేయించండి. ఇద్దరు ఉత్తుత్తి గొడవ పడతారు, ఒకరు ఆపుతారు. నవ్వుతూ చేసినా ఫర్వాలేదు, నవ్వుతూ నేర్చినదే బాగా గుర్తుంటుంది.

ఇది చెడేదెక్కడంటే, ఒకడు ఒకటి పీకి వెంటనే "టైం ప్లీజ్" అనేస్తాడు. అందుకని మొదటిరోజే రెండు షరతులు పెట్టాలి. చెయ్యి చేసుకున్నాక "టైం ప్లీజ్" చెల్లదు. ఆపమన్నవాడు బడి వదిలేలోపు మాట్లాడటానికి రావాలి. ఈ రెండో షరతు లేకపోతే అది తప్పించుకునే దారిగా మారుతుంది.

నాలుగు మాటలు

అమెరికన్ మనస్తత్వవేత్త మార్షల్ రోజెన్‌బర్గ్ అహింసాత్మక సంభాషణను నాలుగు భాగాలుగా చెప్పారు: చూసింది, అనిపించింది, కావాల్సింది, అడిగేది. పిల్లలకు ఇది ఇలా నేర్పవచ్చు: "నువ్వు అడక్కుండా నా స్కేలు తీసుకున్నావు. నాకు ఉక్రోషం వచ్చింది. నా వస్తువు నా దగ్గరే ఉండాలి. కావాలంటే అడిగి తీసుకో."

వీటిలో పిల్లలకు కష్టమయ్యేది రెండోది. ఏమడిగినా "కోపం వచ్చింది" అంటారు. కోపం కింద ఇంకేదో ఉంటుంది: సిగ్గు, భయం, నామోషీ, దిగులు, అసూయ. ఇరవై మాటలు చార్టు మీద రాసి గోడకు అంటించండి. "విచారం కలిగినది" లాంటి పుస్తకం భాష వద్దు. "ఏడుపొచ్చింది", "సిగ్గేసింది", "అందరి ముందూ చిన్నతనం అయింది" అని, ఆ ఊళ్ళో ఎలా అంటారో అలాగే రాయాలి.

తరచూ జరిగే పొరపాటొకటి ఉంది. "నువ్వు దొంగవని నాకు అనిపించింది" అంటారు. "అనిపించింది" ఉన్నంత మాత్రాన అది మనసులో మాట కాదు, నింద. "ఎప్పుడూ", "ప్రతిసారీ", "నువ్వంతే" అనే మాటలు వచ్చినా అంతే. కొత్త గొడవ అక్కడే మొదలవుతుంది. ఈ మూడింటినీ ఆ కాసేపు నిషేధించండి. పిల్లలు ఒకరినొకరు పట్టుకోవడానికి ఉత్సాహపడతారు కూడా.

వినడానికి ఒకే నియమం. జవాబు చెప్పేముందు అవతలివాళ్ళు అన్నది తిరిగి చెప్పాలి: "అడక్కుండా తీసుకున్నానని నీకు ఉక్రోషం వచ్చింది, అంతేనా?" అవతలివాళ్ళు "అంతే" అన్నాకే తన వంతు. డస్టర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలని పెడితే అడ్డుపడటం తగ్గుతుంది.

పిల్లల్లోంచే మధ్యవర్తులు

ఇవి వచ్చాక, అంటే సుమారు రెండు నెలలకు, 4, 5 తరగతుల నుంచి ఎనిమిది మందిని ఎంచుకోండి. ఇక్కడే ఎక్కువ బడులు తప్పటడుగు వేస్తాయి. క్లాస్ లీడర్లనూ ఫస్ట్ ర్యాంకర్లనూ తీసుకుంటే పిల్లలు వాళ్ళను టీచరు మనుషులుగానే చూస్తారు. నలుగురు అమ్మాయిలు, నలుగురు అబ్బాయిలు ఉండాలి. ఊళ్ళోని ప్రతి వాడ నుంచీ ఒకరైనా ఉండాలి. అందరూ ఒకే వైపు పిల్లలైతే రెండోవైపు వాళ్ళు మధ్యవర్తుల దగ్గరికే రారు. తరచూ గొడవల్లో ఉండే పిల్లల్ని ఒకరిద్దరిని చేర్చడం మంచిది. గొడవ ఎలా ముదురుతుందో వాళ్ళకే బాగా తెలుసు.

నలభై నిమిషాల చొప్పున ఆరు తరగతులు తీసుకుంటే శిక్షణ సరిపోతుంది. భోజన విరామంలో ఇద్దరిద్దరు చొప్పున, వారానికో జంట. చెట్టు కింద, టీచరుకు కనిపించేంత దగ్గర్లో, మాటలు వినిపించనంత దూరంలో ఒక చాప. గొడవపడ్డ ఇద్దరూ ఇష్టపడే రావాలి, లాక్కురాకూడదు. మధ్యవర్తి ఏ ఒక్కరికైనా స్నేహితుడో చుట్టమో అయితే మార్చమని అడిగే హక్కు ఉండాలి.

కూర్చున్నాక ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ. ప్రతి ఊళ్ళోనూ ఉన్న గొడవే: "బ్యాట్ నాది, మొదటి బ్యాటింగ్ నాదే. ఔటైనా నేనే ఆడతా." అవతలివాళ్ళు "తొండి" అంటారు, వాడు బ్యాట్ పట్టుకుని ఇంటికి బయలుదేరతాడు, ఎవరో చొక్కా పట్టుకుని లాగుతారు.

మధ్యవర్తులు ముందు నియమాలు చెబుతారు: తిట్టకూడదు, అడ్డుపడకూడదు, ఇక్కడి మాట బయట చెప్పకూడదు. తర్వాత ఒక్కొక్కరు నాలుగు మాటల్లో చెబుతారు, రెండోవారు తిరిగి చెబుతారు. అప్పుడు అసలు ప్రశ్న రావాలి: "అది నీకెందుకు కావాలి?" మొదటి బ్యాటింగ్ ఎందుకని తరచి అడిగితే, "వీళ్ళు రాళ్ళ మీద కొడతారు, బ్యాట్ విరిగితే నాన్న తిడతాడు" అని బయటపడవచ్చు. అవతలి వాళ్ళను అడిగితే "మాకు ఒక్కసారి కూడా బ్యాటింగ్ రావట్లేదు" అంటారు. ఒకరిది భయం, ఒకరిది వంతు. రెండూ ఒకేసారి తీర్చొచ్చు, అయితే ఆ సంగతి ఈ ప్రశ్న అడిగాకే కనిపిస్తుంది.

తర్వాత కనీసం మూడు దారులు చెప్పమనాలి. మొదటిది వినగానే ఒప్పుకోనివ్వకూడదు, సాధారణంగా అది గట్టిగా అరిచేవాడిదే అయి ఉంటుంది. పంటలు వేసుకుని వరస తేల్చుకోవచ్చు. బ్యాట్ తెచ్చినవాడు ముందాడి, ఔటైతే దిగిపోవచ్చు. రబ్బరు బంతితో మట్టినేల మీదే ఆడవచ్చు. ఒప్పుకున్నది వాళ్ళ చేతే రాయించాలి: "శుక్రవారం దాకా పంటలు వేసి వరస. రాళ్ళవైపు ఆడకూడదు. బ్యాట్ విరిగితే ఆడినవాళ్ళందరూ కలిసి బాగు చేయించాలి." గడువు తప్పనిసరి. "ఇకమీదట ఎప్పుడూ గొడవపడం" అనే ఒప్పందం మర్నాటికే పోతుంది. మూడోరోజు మధ్యవర్తులు వెళ్ళి ఎలా ఉందో అడగాలి. మొత్తం పావుగంటకు మించకూడదు.

మధ్యవర్తులు చేసే పెద్ద తప్పు తీర్పు చెప్పడం. "నీదే తప్పు" అన్న మాట వస్తే చాప పంచాయితీ రచ్చబండ అయిపోతుంది. శిక్షణలో ప్రశ్నలు మాత్రమే అడగడం సాధన చేయించాలి: "నీకేం కావాలి?", "ఇంకేం చేయొచ్చు?", "ఇది వారం రోజులు నడుస్తుందా?"

"సారీ" సంగతి. బలవంతంగా చెప్పించిన సారీ వల్ల చెప్పినవాడికి కక్ష, విన్నవాడికి అనుమానం మిగులుతాయి. దానికి బదులు చెడినదాన్ని బాగు చేయమనండి. చింపిన పుస్తకానికి అట్ట వేయడం, ఒలికిన అన్నానికి తన పళ్ళెంలోంచి పంచడం, అందరి ముందూ పెట్టిన పేరును అందరి ముందే వెనక్కి తీసుకోవడం. సారీ దానంతటది వస్తే మంచిదే.

చాప మీదికి తేకూడనివి

బలాలు సమానంగా ఉన్నప్పుడే రాజీ. పెద్దవాడు చిన్నవాణ్ణి రోజూ ఏడిపిస్తుంటే, డబ్బులు లాక్కుంటుంటే, గుంపుగా ఒకరిని వెలివేస్తుంటే అది తగాదా కాదు, వేధింపు. దాన్ని పెద్దలే ఆపాలి. వేధించినవాడి ఎదురుగా బాధపడ్డ పిల్లను కూర్చోబెట్టి "ఇద్దరూ సర్దుకోండి" అనడం రెండో వేధింపు. కులం పేరుతో తిట్టడం నేరుగా హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళాలి. ఒంటిని తాకకూడని చోట తాకితే అది పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం (2012) పరిధిలోకి వస్తుంది, తెలిసినవాళ్ళు ఫిర్యాదు చేయడం చట్టప్రకారం తప్పనిసరి. ఆపదలో ఉన్న పిల్లల కోసం ఉన్న చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద పిల్లలకు అందే ఎత్తులో రాయించండి.

ఇంటివాళ్ళు

"వాడొకటి కొడితే నువ్వు రెండు కొట్టి రా" అని ఇంట్లో చెప్పి పంపితే బడిలో నేర్పింది వారంలో కరిగిపోతుంది. తల్లిదండ్రుల సమావేశంలో ఇరవై నిమిషాలు దీనికివ్వండి. వాళ్ళ భయం సహజమైనదే, తమ పిల్లాడు మెతకవాడైపోతాడని. పడి ఉండమని నేర్పడం లేదని చేసి చూపాలి: నిటారుగా నిలబడి, కళ్ళలోకి చూసి, బిగ్గరగా "ఆపు!" అనడం, పక్కకు రావడం, పెద్దవాళ్ళకు చెప్పడం. ఒకరిద్దరు పిల్లల చేత ఆ "ఆపు!" అనిపిస్తే ఉపన్యాసం అక్కర్లేదు.

అక్టోబరు 2ని ఐక్యరాజ్యసమితి 2007లో అంతర్జాతీయ అహింసా దినంగా ప్రకటించింది. మన బడుల్లో ఆ పేరుతో వ్యాసరచన పోటీ జరుగుతుంది. బహుమతి రానివాళ్ళు బహుమతి వచ్చినవాడితో కటీఫ్ చెబుతారు. పోటీ మానేసి ఆ వారంలో మధ్యవర్తుల ఉత్తుత్తి పంచాయితీ ఒకటి వేయించండి. తల్లిదండ్రులూ చూస్తారు.

ఆరేళ్ళ లోపు పిల్లలకు, అంగన్‌వాడీలో అయినా ఒకటో తరగతిలో అయినా, నాలుగు మాటలు భారమే. విడదీయండి, ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, "బొమ్మ లాక్కున్నాడని ఏడుపొచ్చిందా?" అని పేరు పెట్టండి, రెండు దారులు మీరే చూపించండి: "నువ్వు ముందా, వాడు ముందా? పది లెక్కపెట్టి మార్చుకుందామా?" అంతే.

మొదటి నెలలో ఫిర్యాదులు పెరుగుతాయి. గొడవలు పెరిగి కాదు, ఇదివరకు చెప్పనివాళ్ళు చెప్పడం మొదలుపెట్టి. అప్పుడు ఆపేసే బడులే ఎక్కువ. ఆరోవారంలో మళ్ళీ నోటుబుక్కు తీసి మొదటి వారంతో పోల్చండి. మొత్తం సంఖ్య చూడకండి, చేతిదాకా వెళ్ళినవి ఎన్నో చూడండి. ఏప్రిల్ చివరికి అయిదో తరగతి మధ్యవర్తులు బడి వదిలి వెళ్ళిపోతారు కాబట్టి ఫిబ్రవరిలోనే మూడు, నాలుగు తరగతుల పిల్లల్ని వాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. కొత్తవాళ్ళకు టీచరు చెప్పినదానికంటే అన్నలూ అక్కలూ చేసి చూపించినదే త్వరగా పట్టుబడుతుంది.