ఆగాయా, చచ్చాయా: రొమ్ము క్యాన్సర్ కణాలపై ఇంటర్‌ఫెరాన్ ప్రయోగం చేసే పద్ధతి

రోగనిరోధక కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రోటీను వేస్తే రొమ్ము క్యాన్సర్ కణాలు తక్కువగా పెరిగాయని గ్రాఫ్ గీయడం తేలిక. అవి చచ్చి తగ్గాయా, బతికే ఉండి విభజన మానుకున్నాయా అన్నది తేల్చడమే కష్టం. హనుమకొండలో నా దగ్గర ప్రాజెక్టు చేసే ఎమ్మెస్సీ విద్యార్థులకు మొదటి రోజే చెబుతాను: ఈ రెండింటినీ విడదీయలేని ప్రయోగానికి మా ఇంక్యుబేటర్‌లో చోటు లేదు. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. మైక్రోస్కోపు, హీమోసైటోమీటర్ (కణాలను లెక్కపెట్టే గళ్ల గాజు పలక), కొంత ఓపిక చాలు.

ముందు కణం లోపల జరిగేది తెలియాలి. ఇంటర్‌ఫెరాన్ గామాను మన శరీరంలో టీ కణాలు, ఎన్‌కే కణాలు అనే రోగనిరోధక కణాలు విడుదల చేస్తాయి. అది క్యాన్సర్ కణం పైపొర మీది గ్రాహకాన్ని పట్టుకోగానే లోపల జాక్1, జాక్2 అనే ఎంజైములు చురుకవుతాయి. అవి స్టాట్1 ప్రోటీనుకు ఫాస్ఫేటు తగిలిస్తాయి. స్టాట్1 జంటగా కేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువులను పనిలో పెడుతుంది. వాటిలో మనకు ముఖ్యమైనది పీ21. విభజనను ముందుకు నెట్టే సీడీకే2 ఎంజైముకు ఇది అడ్డుపడుతుంది. దాంతో కణం జీ1 దశ దగ్గరే నిలిచిపోతుంది, డీఎన్‌ఏ నకలు మొదలే కాదు. కొన్ని రకాల కణాల్లో ఐడీఓ అనే ఎంజైము కూడా తయారై మీడియంలోని (కణాలు పెరిగే పోషక ద్రవంలోని) ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని ఖర్చు చేసేస్తుంది. అప్పుడు పస్తు వల్ల కూడా పెరుగుదల మందగిస్తుంది. స్టాట్1కు ఫాస్ఫేటు తగలడం నిమిషాల పనే కానీ, దాని ఫలితం కణాల సంఖ్యలో కనిపించడానికి రోజులు పడుతుంది. 24 గంటలకే ప్లేటు తీసి ‘ప్రభావం లేదు’ అని రాయకండి. కనీసం 72 గంటలు ఆగండి.

కణాలుగా ఎంసీఎఫ్-7 తీసుకోండి. 1970లో అమెరికాలోని డెట్రాయిట్‌లో రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒక క్రైస్తవ సన్యాసిని ఊపిరితిత్తుల చుట్టూ చేరిన ద్రవం నుంచి వేరు చేసిన కణాలివి. ఈస్ట్రోజన్ గ్రాహకం ఉన్నవి. మన దేశంలో పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి తెప్పించుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆర్డరు పెట్టకండి. హైదరాబాద్ దాటాక పార్సిల్ ఏ బస్సు డిక్కీలో ఎంతసేపు ఉడుకుతుందో ఎవరూ పూచీ పడరు. ఇంటర్‌ఫెరాన్‌కూ అంతే. పెట్టెలో ఐస్ నీరై ఉంటే సంతకం పెట్టకుండా తిప్పి పంపండి, మొహమాటం వద్దు. కొనేది మనిషి ఇంటర్‌ఫెరాన్ గామాయేనా అన్నది కూడా చూసుకోండి. ఎలుకది మన కణాల మీద పనిచేయదు. వచ్చిన రోజే చిన్న ట్యూబుల్లోకి పంచి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. మాటిమాటికీ కరిగించి గడ్డకట్టిస్తే శక్తి పోతుంది. పలచన చేసేటప్పుడు 0.1 శాతం ఆల్బుమిన్ కలపండి, లేకపోతే ప్రోటీను ట్యూబు గోడకే అతుక్కుపోతుంది.

మీడియం విషయంలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. దానికి ఎర్రరంగునిచ్చే ఫినాల్ రెడ్ కొంతవరకు ఈస్ట్రోజన్‌లా పనిచేసి ఎంసీఎఫ్-7ను పెంచుతుందని 1986లోనే తేలింది. మీరు బ్రేకు కొలుస్తుంటే ఎవరో యాక్సిలరేటర్ తొక్కుతున్నట్టు! వీలైతే ఫినాల్ రెడ్ లేని మీడియం, బొగ్గుతో హార్మోన్లు తీసేసిన సీరం వాడండి. వీలుకాకపోతే అన్ని ప్లేట్లకూ ఒకే సీసా మీడియం, ఒకే సీరం వాడి, ఆ సంగతి రికార్డులో రాయండి.

ఇక అసలు పని. 24 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేట్లు రెండు తీసుకుని ఒక్కో వెల్‌లో 20,000 కణాలు వేయండి. ఒక రాత్రి అతుక్కోనివ్వండి. మర్నాడు ఇంటర్‌ఫెరాన్ కలిపే ముందే మొదటి ప్లేటును తీసి లెక్కపెట్టేయండి. ఈ మెట్టు దాటేస్తే మిగతాదంతా దండగ. రెండో ప్లేటులో మిల్లీలీటరుకు 0, 1, 10, 100 నానోగ్రాముల చొప్పున, ఒక్కో మోతాదుకు మూడేసి వెల్స్. ఇంకో మూడింటిలో 95 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉడికించిన 100 నానోగ్రాముల ఇంటర్‌ఫెరాన్ వేయండి. ఉడికితే ఇంటర్‌ఫెరాన్ పాడవుతుంది, అందులో ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషం ఉంటే అది మాత్రం ఉడుకుకు లొంగదు. ఉడికించినదీ కణాలను ఆపితే అనుమానించాల్సింది మీ సీసానే.

72 గంటల తర్వాత పైనున్న మీడియాన్ని పారబోయకండి. చచ్చినవి తేలుతూ ఉండేది అందులోనే. దాన్నీ, ట్రిప్సిన్ అనే ఎంజైముతో ఊడదీసిన కణాలనూ కలిపి సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగున చేరిన వాటిని 200 మైక్రోలీటర్లలో కలపండి. సమానంగా ట్రిపాన్ బ్లూ అనే రంగు చేర్చి హీమోసైటోమీటర్ మీద పెట్టండి. నీలం పట్టినవి చచ్చినవి, మెరుస్తూ ఉన్నవి బతికినవి. రెండూ విడివిడిగా లెక్కపెట్టండి. నాలుగు మూల గడుల సగటు 20 వచ్చిందనుకుందాం. 20ని 2తో (రంగు కలిపి పలచన చేసినందుకు), ఆపై 10,000తో (మిల్లీలీటరు లెక్కలోకి మార్చడానికి), ఆపై 0.2తో (మన దగ్గరున్నది 200 మైక్రోలీటర్లే కాబట్టి) హెచ్చవేస్తే 80,000. మందు వేయని వెల్‌లో రావాల్సింది ఇంచుమించు ఇదే. కణాలు 36 గంటలకోసారి రెట్టింపైతే మూడు రోజుల్లో నాలుగింతలవుతాయి కదా. మొదటి ప్లేటులో గడికి 5 కంటే ఎక్కువ కనిపించవు కాబట్టి అక్కడ రెండు గదులూ, ఎనిమిది గడులూ లెక్కపెట్టాలి.

ఇంటర్‌ఫెరాన్ వేసిన వెల్‌లో 45,000 వచ్చి, నీలం కణాలు పెద్దగా లేకపోతే? మొదలుపెట్టిన 20,000 కంటే పెరిగాయి, నిదానంగా పెరిగాయి. వేగం తగ్గిందన్నమాట. 12,000 వచ్చి నీలం కణాలు ఎక్కువగా ఉంటే చావు. మొదటి ప్లేటు లేకపోతే ఈ రెండూ ‘కంట్రోల్ (మందు వేయని వెల్) కంటే తక్కువ’ అనే ఒకే మాటలో కలిసిపోతాయి.

చాలామంది ఎంటీటీ అనే రంగు మారే పరీక్ష ఒక్కటే చేసి వస్తారు. పసుపు రంగు నేరేడు పండు రంగులోకి మారడం చూడటానికి బాగానే ఉంటుంది. కానీ అది కొలిచేది కణాల సంఖ్యను కాదు, వాటి జీవక్రియను. ఇంటర్‌ఫెరాన్ జీవక్రియనే మార్చగలదు. కాబట్టి ఎంటీటీని తోడుగా పెట్టుకోండి, సాక్ష్యం మాత్రం లెక్కదే. దానికి వాడే 96 వెల్స్ ప్లేటులో అంచు వరుసలు ఎండిపోతాయి, వాటిలో బఫర్ మాత్రమే పోయండి. మన ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చిన రోజున ఆ తేడా మరీ ఎక్కువ.

ఇదే పద్ధతిలో టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే మరో సంకేత ప్రోటీనును పరీక్షించేవారికి ఒక హెచ్చరిక. ఎంసీఎఫ్-7లో కణాల ఆత్మహత్యకు తోడ్పడే కాస్పేస్-3 ఎంజైము జన్యువు దెబ్బతిని ఉంది, ఆ ప్రోటీను తయారే కాదు. కాస్పేస్-3 పరీక్షలో ఏమీ రాలేదని ‘కణాలు చావలేదు’ అని తీర్మానిస్తే తప్పు. నీలం కణాలను నమ్మండి.

ఏటా ఎవరో ఒకరు అడుగుతారు: ‘మేడమ్, మా పిన్నికి ఈ ఇంజెక్షన్ ఇప్పించవచ్చా?’ వద్దు. ఇంటర్‌ఫెరాన్ ఇచ్చే ఇదే సంకేతం క్యాన్సర్ కణం మీద, టీ కణాలను అడ్డుకునే పీడీ-ఎల్1 అనే ప్రోటీనును కూడా పెంచుతుంది. దాంతో టీ కణాల పట్టు సడలుతుంది. ప్లాస్టిక్ ప్లేటులో టీ కణాలు ఉండవు కాబట్టి ఆ సగం కథ మనకు కనిపించదు. రొమ్ములో గడ్డ తగిలితే వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి, ఆలస్యం చేయకుండా.

ప్రయోగాన్ని వేర్వేరు వారాల్లో మూడుసార్లు చేశాక ఫలితం రాయండి. ఏ కణాలు, ఏ మోతాదు, ఎన్ని గంటలు, మొదట ఎన్ని, చివర బతికినవెన్ని, చచ్చినవెన్ని అన్నవి ఒకే పట్టికలో ఉండాలి. ‘క్యాన్సర్ తగ్గింది’ అనే మాట ఎక్కడైనా కనిపిస్తే దాన్ని నేను కొట్టేస్తాను.