సరస్సును పడవలోనూ కాలినడకనా చూడటం ఎలా

ఒడ్డున నడిచేవాళ్లకు సరస్సు సగమే కనిపిస్తుంది. రెల్లు వెనక దాగిన పాయలు, నీటిలోకి నిలువుగా దిగిన బండలు చూడాలంటే పడవ ఉండాల్సిందే. అలాగని పడవనే నమ్ముకుంటే సరస్సు ఆకారం అర్థం కాదు, వాగులు ఎక్కడ కలుస్తున్నాయో తెలియదు. రెండూ ఒకే రోజులో చేయడం కష్టమేమీ కాదు. ఏది ఏ వేళకు పెట్టుకోవాలన్నదే అసలు విషయం. ఇక్కడ చెప్పేవన్నీ తెడ్డుతో నడిపే చిన్న పడవలకు, కయాక్‌లనే సన్నటి పడవలకు వర్తిస్తాయి.

గాలిని బట్టి రోజు

ఎండ కాసే రోజుల్లో తెల్లవారుజామున నీళ్లు దాదాపు కదలవు. పొద్దెక్కేకొద్దీ నేల నీటికన్నా త్వరగా వేడెక్కుతుంది. నేలమీది గాలి పైకి లేస్తుంది, ఆ చోటులోకి సరస్సు మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. పెద్ద సరస్సుల్లో, కొండల నడుమ ఉన్నవాటిలో మధ్యాహ్నానికల్లా ఇది గట్టిగా వీస్తుంది. కాబట్టి పడవ పని పొద్దున్నే, నడక మధ్యాహ్నం, తిరుగు ప్రయాణం సాయంత్రం గాలి తగ్గాక పెట్టుకోండి. సాయంత్రం గాలి తప్పకుండా తగ్గుతుందన్న భరోసా లేదు. అందుకని పడవను అక్కడే కట్టేసి నడిచి రాగల దారి ఒకటి మ్యాప్‌లో ముందే చూసి పెట్టుకోవాలి.

బయల్దేరేటప్పటికే గాలి ఉంటే ముందు ఎదురుగాలిలోకి వెళ్లండి. ఈ నియమం తప్పినవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు. గాలి వెనకనుంచి తోస్తుంటే గంటలో ఎంత దూరం వచ్చామో తెలియదు. అదే దూరం అలసిన చేతులతో ఎదురుగాలిలో తిరిగి రావడానికి రెండు గంటలు పట్టొచ్చు. నిలకడ నీళ్లలో మామూలు తెడ్డు వేగం గంటకు 4 నుంచి 5 కిలోమీటర్లు. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో అది సగానికి పడిపోవచ్చు.

ఒడ్డునుంచి చూసి అలలను అంచనా వేయడంలో ఒక మోసం ఉంది. గాలి వచ్చే వైపు ఒడ్డున నిలబడితే మీ ముందు నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి, ఎందుకంటే అల పెరగడానికి గాలికి అక్కడ ఇంకా దూరం దొరకలేదు. పైగా మీరు అలలను వెనకనుంచి చూస్తున్నారు, వాటి తెల్లటి నురగ అవతలి వైపున ఉంటుంది. నాలుగు కిలోమీటర్ల అవతల పరిస్థితి వేరు. అక్కడక్కడ నురగ తల కనిపిస్తే గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్ల మధ్య ఉందని లెక్క. నురగ విరివిగా కనిపిస్తే 20 దాటింది. అప్పుడు కొత్తవాళ్లు సరస్సును అడ్డంగా దాటే ఆలోచన మానుకుని ఒడ్డు వెంటే వెళ్లడం మంచిది.

బయల్దేరే ముందు

1:25,000 మ్యాప్‌లో 4 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు, 1:50,000లో 2 సెంటీమీటర్లు. ఒడ్డు దగ్గర ఎత్తు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఒత్తుగా ఉంటే అక్కడ నిలువు గట్టు ఉందని అర్థం, దిగడానికి చోటు దొరకదు. బాగా ఎడంగా ఉంటే నీళ్లు చాలా దూరం వరకు లోతు ఉండవు, బురద ఉండే అవకాశం ఎక్కువ. వీలైతే ముందురోజు సాయంత్రమే దగ్గరలోని మెట్ట ఎక్కి సరస్సంతా ఒకసారి చూడండి. ముదురు రంగున్న చోట లోతు, లేతగా, గోధుమ రంగులో ఉన్న చోట మేట. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే నీటి మెరుపు తగ్గి, మునిగిన బండలు బాగా తెలుస్తాయి. ఈ అరగంట పని మర్నాడు ఎంతో శ్రమ తప్పిస్తుంది.

లైఫ్ జాకెట్‌ను పడవలో పెట్టుకోవడం కాదు, తొడుక్కోవాలి. పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని ఇంకొకరు పైకి లాగినప్పుడు అది గడ్డం దాటి పైకి రాకూడదు. వస్తే పట్టీలు వదులుగా ఉన్నాయి, లేదా జాకెట్ పెద్దది. బట్టలు గాలి వేడిని బట్టి కాకుండా నీటి చలిని బట్టి వేసుకోవాలి. నీళ్లు 15 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే పడిన తొలి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది, చాలా మరణాలకు కారణం అదే. ఆ నిమిషం ఈదే ప్రయత్నం చేయకుండా ముఖం పైకి పెట్టి, పడవను పట్టుకుని ఊపిరి నిలదొక్కుకోండి. బాగా చల్లటి నీళ్లలో ఆ తర్వాత చేతులు పనిచేసేది దాదాపు పది నిమిషాలే. ఆలోగా పడవ ఎక్కాలి, కుదరకపోతే దాన్ని గట్టిగా పట్టుకుని ఉండాలి. ఒడ్డు దగ్గర్లోనే ఉన్నట్టు కనిపించినా పడవను వదిలి ఈదకండి. తలకిందులైన పడవ దూరానికి కనిపిస్తుంది, నీళ్లలో మనిషి తల కనిపించదు.

బరువులన్నీ పడవ అడుగున, నడిమికి సర్దండి. వెనక భాగం ఇసుమంత బరువుగా ఉంటే పరవాలేదు. ముందు భాగం బరువైతే పడవ గాలివైపు తిరిగిపోతూ మాట వినదు. డ్రై బ్యాగ్ (నీరు చొరని సంచి) నోటిని కనీసం మూడు మడతలు చుట్టాలి, రెండింటితో ఆపితే నీరు దిగుతుంది. ముందు మొనకు 5 నుంచి 6 మీటర్ల తాడు, నీళ్లు తోడడానికి ఒక డబ్బా, ఒక స్పాంజి, ఈల, అదనపు తెడ్డు. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లండి.

నీటి మీద

పడవలో కూర్చుంటే కళ్లు నీటికి 80 సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయి. ఆ ఎత్తునుంచి కనిపించే నీటి అంచు దాదాపు 3.2 కిలోమీటర్లే. ఐదు కిలోమీటర్ల అవతలి ఇసుక ఒడ్డు అంచు భూమి వంపులో దాగిపోతుంది, చెట్లే పైకి తేలి కనిపిస్తాయి. అందుకని గురి ఒడ్డుమీద పెట్టుకోకుండా కొండ శిఖరం మీద పెట్టుకోండి. పక్కగాలి తోస్తోందో లేదో తెలియాలంటే ముందొక చెట్టు, దాని వెనక దూరంగా ఒక శిఖరం ఒకే వరసలో ఎంచుకోండి. చెట్టు శిఖరానికి ఎడమకు జరుగుతుంటే మీరు కుడికి కొట్టుకుపోతున్నారు, మొనను ఎడమకు తిప్పాలి.

నిలువు బండల కిందికి మరీ దగ్గరగా వెళ్లకండి. బండకు తగిలి వెనక్కి వచ్చే అల, వస్తున్న అల కలిసి నీళ్లు అడ్డదిడ్డంగా ఎగుస్తాయి. 20, 30 మీటర్లు ఎడంగా ఉంటే చాలు.

ఉరుము వినబడితే వెంటనే ఒడ్డు చేరాలి. మెరుపుకు, ఉరుముకు మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు లెక్క. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి గానీ నీళ్లలోకి దిగకూడదు.

ఆనకట్ట కట్టడంవల్ల ఏర్పడిన సరస్సయితే ఇంకో జాగ్రత్త. అడుగున మునిగిన చెట్ల మోళ్లు ఉంటాయి, నీటి మట్టం తగ్గిన రోజుల్లో అవి పడవ అడుగును చీలుస్తాయి. గేట్లవైపు, నీరు లాగే తూములవైపు అసలు పోవద్దు. అక్కడి లాగుడు పైకి కనిపించదు. సహజమైన సరస్సులో కూడా నీరు బయటికి వెళ్లే మూల ఇలాంటిదే.

అందం కోసం వెళ్లేవాళ్లకు ఒక సూచన: పొద్దున ఎండ పడేది పశ్చిమ ఒడ్డు మీద. తూర్పు ఒడ్డు వెంట వెళ్తూ దాన్ని చూస్తే కొండల ప్రతిబింబం గాలి లేవకముందు నీళ్లలో పూర్తిగా దిగి ఉంటుంది. వాగు కలిసే చోట చేపలు, పక్షులు ఎక్కువ. పక్షులు తలెత్తి కూతలు వేస్తూ ఒకేవైపు జరుగుతున్నాయంటే మీరు మరీ దగ్గరికి వచ్చేశారు. అక్కడితో ఆగి, మెల్లగా వెనక్కి రండి.

దిగడం, నడవడం

దిగడానికి గాలి మరుగున్న చోటు వెతకండి, నీటిలోకి పొడుచుకొచ్చిన నేల వెనకో, చిన్న ద్వీపం చాటునో. మోకాలిలోతులో దిగేటప్పుడు పడవకూ ఒడ్డుకూ మధ్య ఎప్పుడూ నిలబడకూడదు. నీళ్లు నిండిన పడవ వందల కిలోలు తూగుతుంది, ఒక్క అల తోసినా కాళ్లు విరుగుతాయి. అల తాకే గీతకు రెండు మూడు మీటర్లు పైకి లాగి, బోర్లించి, తెడ్లు కిందపెట్టి, తాడు చెట్టుకు కట్టండి. ఖాళీ కయాక్‌ను గాలి సులువుగా దొర్లిస్తుంది. జలాశయాల్లో మట్టం గంటల్లో పెరగొచ్చు, అక్కడ ఇంకా పైకి లాగాలి.

పడవను వదిలేముందు చుట్టూ ఒకసారి చూసి, ఫోన్‌లో ఆ చోటును గుర్తుపెట్టుకోండి. కొండవైపునుంచి తిరిగి వస్తే ఒడ్డంతా ఒకేలా ఉంటుంది. కొమ్మకు రంగుగుడ్డ కట్టినా సరే, వెళ్లేటప్పుడు విప్పేయాలి.

బాట ఉంటే గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకు పది నిమిషాలు కలుపుకోండి. బాట లేని ఒడ్డున గంటకు రెండు కిలోమీటర్లు నడిస్తే ఎక్కువ. ఒడ్డు వంపులు తిరగడం వల్ల సూటిగా ఒక కిలోమీటరున్నది కాళ్లకు మూడు అవుతుంది. తడిసిన చెప్పులతో నడిస్తే పొక్కులొస్తాయి, పొడి బూట్లు డ్రై బ్యాగ్‌లో ఉంచుకోండి.

వాగు ముఖాల్లోని ఒండ్రు నేల పైన పగుళ్లిచ్చి గట్టిగా కనిపిస్తుంది, పెచ్చు కింద మెత్తటి బురద. కర్రతో పొడిచి చూసే అడుగు వేయండి. కూరుకుపోతే గుంజుకోవద్దు, ఒక కాలు లాగే బలమే రెండో కాలిని ఇంకా లోపలికి దించుతుంది. వెనక్కి వాలి కూర్చుని బరువు పరచండి, కాలిని అటూ ఇటూ కదిలించి బురదలోకి నీరు చేరనిచ్చి ఒక్కొక్కటిగా తీయండి.

తాగే నీళ్లు ఎండలో గంటకు అర లీటరు చొప్పున మోసుకెళ్లండి. సరస్సు నీళ్లు తప్పనిసరైతే తెర్లేలా ఒక నిమిషం కాచాలి, 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు. నీటిమీద ఆకుపచ్చ రంగు ఒలికినట్టు నాచు తెట్టు ఉంటే మాత్రం కాచినా తాగకూడదు. కొన్ని నీలి ఆకుపచ్చ నాచుల విషం కాచినా పోదు. ఆ నీళ్లను కుక్కలను కూడా తాగనివ్వకండి.

తిరిగి వచ్చాక పడవకు, తాళ్లకు, బూట్లకు అంటిన బురద, నాచు, గుర్రపుడెక్క ముక్కలు తీసేసి, లోపలి నీళ్లన్నీ అక్కడే వంపేసి, పూర్తిగా ఆరబెట్టండి. గుర్రపుడెక్క చిన్న ముక్కనుంచి కూడా మొలుస్తుంది. కంటికి ఆనని మస్సెల్ (ఒక రకం ఆల్చిప్ప) పిల్లలు పడవ అడుగున మిగిలిన నీటిలో రోజులకొద్దీ బతికి, తర్వాత మీరు వెళ్లే సరస్సులో స్థిరపడతాయి.