హార్డ్ డిస్క్ పోయినా పెళ్లి ఫొటోలు పోకుండా చూసుకోవడం ఎలా?

శ్రీకాకుళంలో మాది ఫొటో స్టూడియో. జనం పెళ్లిళ్లు మా డిస్కుల్లో ఉంటాయి. వాటిని కాపాడటానికి మేం చేసేది ఇది.

ముందు ఒకే సైజు డిస్కులు రెండు తీసుకోండి. కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే పద్ధతిని రెయిడ్ అంటారు, అందులో రకాలున్నాయి. 4 టీబీవి రెండు పెట్టి రెయిడ్ 1 ఎంచుకుంటే ప్రతి ఫైలూ రెండింటిలోనూ పడుతుంది. వాడుకోవడానికి దొరికేది 4 టీబీయే, కానీ ఒకటి పాడైనా పని ఆగదు. మూడు పెట్టి రెయిడ్ 5 చేస్తే 8 టీబీ వస్తుంది, అప్పుడు కూడా ఒక డిస్కు పోతే తట్టుకుంటుంది. రెయిడ్ 0 జోలికి మాత్రం పోకండి, అందులో ఒక్కటి పోతే అన్నీ పోయినట్టే. అమర్చేటప్పుడు డిస్కుల్లో ఉన్నదంతా చెరిగిపోతుంది, కాబట్టి ముందే వేరేచోట కాపీ పెట్టుకోండి. డిస్కు పాడైతే మెయిల్ వచ్చేలా అలర్ట్ ఆన్ చేయండి. యూపీఎస్ తప్పనిసరి.

ఇంతటితో ఆగిపోయి మేం దెబ్బతిన్నాం. చోటు కోసం పాత ఫోల్డర్లు తీసేస్తూ మా కుర్రాడు నరసన్నపేట పెళ్లిని కూడా డిలీట్ చేసేశాడు. రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో పోయింది. ఒక మెమరీ కార్డు ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి తలంబ్రాల ఫొటోలు దక్కాయి. అప్పగింతలవి దక్కలేదు. పెళ్లికూతురి తల్లికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

అందుకే రెయిడ్ ఉన్నా బ్యాకప్ వేరుగా ఉండాలి. రోజూ రాత్రి కొత్త ఫైళ్లను పోర్టబుల్ డిస్కులోకి కాపీ చేసి, కేబుల్ తీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే, ఫైళ్లను లాక్ చేసే వైరస్ వచ్చినప్పుడు అదీ పోతుంది.

ఇంకో కాపీ వేరే ఊళ్లో ఉండాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఎలా అయిపోయిందో మనకు తెలుసు. ఒకే గదిలో నాలుగు కాపీలున్నా, ఆ గదిలోకి నీళ్లొస్తే నాలుగూ పోతాయి. మా రెండో బ్యాకప్ డిస్కు విజయనగరంలో అక్క వాళ్లింట్లో ఉంటుంది, నెలకోసారి మారుస్తాం. నెట్ బాగుంటే క్లౌడ్‌లో పెట్టినా సరే.

నెలకోసారి బ్యాకప్ డిస్కును వేరే కంప్యూటర్‌కి తగిలించి, ఏదో ఒక పెళ్లి ఫోల్డర్‌ను వెనక్కి కాపీ చేసి చూడండి. కొత్త పెళ్లికైతే అదే రాత్రి ఫొటోలు తెరవండి, వీడియోను మధ్యలోకి జరిపి ప్లే చేయండి. అన్నీ సరిగా వచ్చాకే మెమరీ కార్డు ఫార్మాట్ చేయండి.